ఉప్పు మళ్ళ మధ్య తీపినీళ్ళు

మా ఇంటి వెనక తీపినీళ్ళ బావి ఉండేదంటే మా తమ్ముడు ఖలీల్ నవ్వుతాడు. నవ్వుతాడు అని రాశాను గానీ, పోయిన వేసవి దాకా నవ్వాడు అని దిద్దుకోవాలి. ఉప్పెన వచ్చి ఆ ఇల్లూ ఆ బావీ ఉప్పు కొటార్ల క్వార్టర్లూ అన్నీ తుడిచిపెట్టేసినప్పుడు వాడు అమ్మీ చంకలో ఉన్నాడు. వాడికి తెలిసిన ఇల్లు విజయవాడ భవానీపురంలోది, తెలిసిన నీళ్ళు మునిసిపాలిటీ కుళాయివి. పెళ్ళికో పండక్కో బంధువులు చేరినప్పుడల్లా "మా అక్క బావి కథ మొదలెడుతోంది, గ్లాసులు పట్టుకురండి" అని అందర్నీ నవ్వించేవాడు. నేనేమో బతుకంతా పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. క్లాసులో ఒక్కడు కిసుక్కుమన్నా ఊరుకునేదాన్ని కాను. వీడి దగ్గర మాత్రం ఉడుక్కోవడం తప్ప ఏమీ చేయలేకపోయేదాన్ని. చుట్టూ ఉప్పు మళ్ళు, ఎదురుగా సముద్రం, మధ్యలో తీపినీళ్ళేంటక్కా అని వాడడిగితే, చూపించడానికి నా దగ్గర ఏముంది?

మా ఊరు చల్లపల్లి దాటాక సముద్రం వైపు పోయే రోడ్డు చివర ఉంటుంది. అక్కడొక పాత కోట. కోట అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఇటికలతో, గుల్లసున్నంతో కట్టిన గోడ చాలాచోట్ల కూలిపోయి, తూర్పువైపు బురుజొకటి మొండి తలతో మిగిలింది. మా చిన్నప్పుడు కూడా దాని తల మొండిదే. ఆ బురుజుకీ సముద్రానికీ మధ్య చదును నేలలో ఉప్పు కొటార్ల గుమస్తాలకి క్వార్టర్లుండేవి. చివరి క్వార్టరు మాది. మా అబ్బా, అంటే మా నాన్న, అక్కడ గుమస్తా. పొద్దున తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళి, సాయంత్రానికి ఇంకా తెల్లగా తిరిగొచ్చేవాడు. కనుబొమల మీద కూడా ఉప్పే. అమ్మీ ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి కొంగుతో దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు.

ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు. పొయ్యి కింద కట్టెలన్నీ అయిపోయినా గింజ గింజలానే ఉంటుంది. టీ పెడితే పాలు విరుగుతాయి. తల రుద్దుకుంటే జుట్టు కొబ్బరిపీచైపోతుంది. మా బావి ఒక్కటే తీపి. ఎందుకు తీపో ఎవరికీ తెలీదు, ఎవరు తవ్వించారో అసలే తెలీదు. క్వార్టర్లు కట్టకముందే ఉందట. దాని మీద సర్వాధికారం మా దాదీమాది, అంటే మా నాయనమ్మది. తెల్లవారుతూనే మొదటి చేద తోడి, దోసిట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని రుచి చూసేది. "బాగున్నాయి" అంటే ఇక అందరూ తోడుకోవచ్చు. పున్నానికీ అమాసకీ సముద్రం పోటెత్తిన రోజుల్లో మాత్రం మొహం చిట్లించి, "ఇవాళ సముద్రం తొంగిచూసింది, బట్టలకి వాడండి" అనేది. పక్క క్వార్టరు సుబ్బమ్మ గారు బిందెతో వచ్చి నిలబడి ఆవిడ తీర్పు కోసం కాచుకునేది. "మీ నీళ్ళు లేకపోతే మా ఇంట్లో పప్పుకి మోక్షం లేదండీ వదినగారూ" అనేది. తడిసిన కొబ్బరితాడు వాసన, గిలక కిర్రుమనే చప్పుడు, గట్టు మీద నాచు తగిలి అరికాలు జర్రున జారడం, ఇవన్నీ నేను కల్పించానంటే ఎలా ఒప్పుకుంటాను?

ఏటా ఎండలు ముదిరాక, మామిడికాయ పచ్చళ్ళకి ముందు, బావిలో పూడిక తీసేవాళ్ళు. సన్నగా ఉంటాడని అబ్బానే దిగేవాడు. ఒకసారి అడుగు నుంచి ఆయన గొంతు గింగురుమంటూ పైకొచ్చింది. "అమ్మా, పైన ఉన్నవే ఇటికలు. కింద ఇటిక లేదు. మట్టి వరలున్నాయి. మన కాగుల్లాగే కాల్చినవి. అంచుల మీద వేలితో నొక్కిన గుర్తులు కూడా ఉన్నాయి." సిమెంటు వరలు కొత్తగా వస్తున్న రోజులవి. మార్పించేద్దామా అని అబ్బా అడిగితే దాదీమా పైనుంచే గయ్యిమంది. "నీళ్ళకి రుచొచ్చేదే ఆ మట్టి వల్లరా! చెయ్యి పెట్టావంటే నిన్ను పైకి లాగం, అక్కడే ఉండు." ఉప్పెన తరవాత విజయవాడ వచ్చేశాక ఆవిడ కొన్నాళ్ళే బతికింది. కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుని, "ఇవి నీళ్ళు కావే రజియా, తడి" అనేది. కృష్ణమ్మ నీళ్ళని అంత మాటన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పోయిన వేసవిలో ఒక రోజు పొద్దున్నే ఫోనొచ్చింది. అవతల ఒక అమ్మాయి. పేరు అనూష, ఊరు కూచిపూడి. "కూచిపూడిలో పుట్టి ఒక్క అడుగు కూడా వెయ్యడం రాని దాన్ని నేనేనండీ" అని తనే నవ్వేసింది. సముద్రం ఒడ్డుని కోస్తోందని మా కోట బురుజుకి అడ్డంగా రక్షణ గోడ కడుతున్నారట. ఆ పునాదులు తవ్వేటప్పుడు నేలలో పాత ఆనవాళ్ళేవైనా బయటపడితే పాడవకుండా చూసే పని తనది. తవ్వేది తను కాదు, తవ్వేవాళ్ళని కనిపెట్టుకుని ఉండాలి, అంతే. అక్కడ పూర్వం ఏమేం ఉండేవో ఊళ్ళో పెద్దవాళ్ళని అడుగుతుంటే, ఉప్పు గుమస్తాగారి అమ్మాయి విజయవాడలో టీచరని నా నంబరిచ్చారట. నన్ను అడగడమే ఆలస్యం. క్వార్టర్లు, ఉప్పు బండ్లు, సుబ్బమ్మ గారి పప్పు, అన్నీ చెప్పేసి బావి దాకా వచ్చాను. మట్టి వరలు అనగానే నన్ను ఆపింది. "టీచర్ గారూ," అంది. "ఆ వరల మాట మళ్ళీ ఒక్కసారి చెప్తారా?"

మళ్ళీ చెప్పాను. అలాంటి వరల బావులు కోటలకన్నా ఎంతో పాతకాలం నాటివట. ఈ డెల్టాలోనే అక్కడక్కడా దొరికాయట గానీ, ఇంత సముద్రం అంచున ఉంటే దాని సంగతే వేరట. "కానీ టీచర్ గారూ, కథ విని నేను పని ఆపలేను. ఒక్క వర ముక్క కనిపిస్తే ఆపగలను. రేపటికి కాకపోతే ఎల్లుండికి కాంక్రీటు పోసేస్తారు. మీరొచ్చి చోటు చూపిస్తారా?" ఇన్నేళ్ళుగా నా నోట్లోనే ఉన్న బావి మీద కాంక్రీటు పడబోతోంది. అప్పటికప్పుడు ఖలీల్‌ని షాపు మూయించి కారు తీయించాను. ఆటోనగర్‌లో వాడి విడిభాగాల షాపు వేసవిలో మూయడమంటే మాటలు కాదు. "బావి చూపిస్తావు కదా, గ్లాసు తెచ్చుకోనా?" అన్నాడు స్టీరింగు ముందు కూర్చుంటూ. ఉయ్యూరు దాటేదాకా వాడితో మాట్లాడలేదు.

అక్కడ దిగాక నాకు ఊరు ఆనవాలు దొరకలేదు. క్వార్టర్ల జాడే లేదు. తుప్పలు, బండరాళ్ళ గుట్టలు, ఒక ప్రొక్లెయినరు, తట్టలతో మట్టి మోస్తున్న ఆడవాళ్ళు. బురుజు మాత్రం అలాగే నిలబడి ఉంది. దాన్ని చూసి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పెద్ద టోపీ పెట్టుకున్న అనూష ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. పక్కన ఇంజినీరు ప్రసాద్ గారు, ఎండకి కమిలిన మొహం. "నమస్కారమండీ. మీ మాట కాదనను గానీ, వానలొచ్చేలోపు పునాది పడకపోతే ఈ ఏడు బురుజు సముద్రంలోకేనండీ" అన్నారు. ఆయన వేలు చూపించిన చోట గోడ అడుగు మట్టి గుహలా కోసుకుపోయి ఉంది. ఆయన్ని తప్పుపట్టడానికేమీ కనపడలేదు. గోడ కట్టకపోతే కోట పోతుంది, కడితే బావి పోతుంది.

చోటు చూపించమన్నారు. ధీమాగానే చూపించాను. మా ఊళ్ళో దేని దూరమైనా సముద్రం నుంచే చెబుతాం. అలలు తాకే తడి అంచు నుంచి మా బావి గట్టు దాకా ఎంత పరుగో నా కాళ్ళకి కంఠతా వచ్చు. తడి అంచు దగ్గర నిలబడి, బురుజు వైపు తిరిగి, చిన్నప్పటి పరుగుని పెద్దదాని నడకలోకి మార్చుకుంటూ వెళ్ళి, "ఇదిగో, ఇక్కడ" అన్నాను. అది కొత్త గోడ పునాది గీతకి బాగా ఎగువన, బురుజు పాదాల దగ్గర పడింది. ప్రసాద్ గారి మొహం తేటపడింది. అక్కడ బావి ఉంటే ఆయనకి ఏ ఇబ్బందీ లేదు మరి.

తవ్వడం చూసి తీరాలి. ప్రొక్లెయినరు బకెట్‌కి పళ్ళు తీసేసి, నున్నటి అంచుతో అట్టు గరిటెలా నేలని పల్చగా గీకుతున్నారు. ఒక పొర తీయగానే అనూష ముందుకొచ్చి వంగి చూస్తుంది. మట్టి రంగు మారిందా, మెత్తబడిందా, ఇటిక పొడి ఉందా. చేత్తో సైగ చేస్తే ఇంకో పొర. చెయ్యి పైకెత్తితే అంత యంత్రమూ టక్కున ఆగిపోతుంది. పాతిక మంది పిల్లల్ని ఒక్క చూపుతో ఆపిన దాన్ని, నాకే అసూయ పుట్టింది. ప్రతి పొరకీ ఇప్పుడు కనిపిస్తుంది, ఇప్పుడు కనిపిస్తుంది అని గుప్పిళ్ళు బిగించుకుని చూశాను. ఇటిక ముక్కలొచ్చాయి, గుల్లలొచ్చాయి, తరవాత వట్టి బూడిదరంగు బంకమట్టి. దాన్ని మనిషనేవాడు ముట్టుకోనే లేదని అనూష చెప్పినప్పుడు నా మొహం చూడలేక పక్కకి తిరిగింది. ప్రసాద్ గారు, "పర్లేదండీ, చిన్నప్పటి సంగతులు కదా" అన్నారు. ఖలీల్ నవ్వలేదు. నిమ్మసోడా కొనుక్కొచ్చి చేతిలో పెట్టి, "ఎండ ఎక్కువగా ఉందక్కా, ఇంటికెళ్దాం పద" అన్నాడు. వాడు నవ్వి ఉంటే బాగుండేది. వాడు నా మీద జాలిపడ్డం అదే మొదలు, నాకు అది భరించరానిదిగా అనిపించింది.

కారు వైపు నడుస్తుంటే బ్యాగులో ఫోను మోగింది. అసర్ నమాజుకి, అంటే సాయంత్రపు నమాజుకి పెట్టుకున్న అలారం. ఆపుదామని ఆగాను. కాళ్ళ ముందు నేల మీద బురుజు నీడ సాగి పడుకుని ఉంది. దాని మొండి తల, పక్కనున్న విరిగిన కొస, అన్నీ నీడలో గీసినట్టున్నాయి. నోటి నుంచి మాట దానంతటదే వచ్చేసింది. "దాదీమా, బురుజొచ్చేసింది!"

పచ్చళ్ళ రోజుల్లో నా పని అదే. మా ఇంట్లో గోడ గడియారం ఉప్పుగాలికి తుప్పుపట్టి ఇష్టమైతేనే నడిచేది. ఊళ్ళో మసీదు అజాను సముద్రపు గాలికి అటే కొట్టుకుపోయేది. అందుకని దాదీమా నీడని నమ్ముకుంది. ఎండాకాలంలో బురుజు తల నీడ జరిగి జరిగి బావి గట్టు అంచుని తాకిందంటే అసర్‌కి వేళైనట్టు. మిగతా కాలాల్లో నీడ పక్కకి పోతుంది, అప్పుడు ఆవిడ గుర్తులేవో నాకు తెలీదు. వేసవి సెలవుల్లో మాత్రం ఆవిడా అమ్మీ మంచం మీద మామిడికాయలు తుడుస్తూ, ఆవపిండి ఘాటుకి ముక్కులెగబీలుస్తూ కూర్చుంటే, నన్ను నీడకి కాపలా పెట్టేవాళ్ళు. నీడ గట్టుని ముట్టగానే నేను కేకేయాలి, ఆవిడ లేచి ఆ బావి దగ్గరే వజూకి, అంటే నమాజుకి ముందు, కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కోవాలి. ఇప్పుడూ వేసవే. అవే రోజులు. బురుజు తల అప్పటిదే. ఎండ అప్పటిదే. కదిలిపోయింది సముద్రమొక్కటే! మేము ఊరంతటికీ కొలబద్దగా పెట్టుకున్న సముద్రం ఇన్నేళ్ళలో మా క్వార్టర్లున్న చోటు దాకా నడిచొచ్చేసింది. నేనేమో ఇవాళ్టి తడి అంచు నుంచి అప్పటి పరుగు కొలిచి, బావిని బురుజు కాళ్ళ కిందకి తోసేశాను.

చెప్పులు వదిలేసి పరిగెత్తాను. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో. వెనక నుంచి ఖలీల్ "అక్కా, అక్కా" అంటూ వస్తున్నాడు. నీడ కొస దగ్గర మడమతో గట్టిగా తొక్కి, "ఇక్కడ! అనూషా, ఇక్కడ!" అని అరిచాను. వంగి చూస్తే నా మడమ కింద తెల్లటి సున్నం గీత. పునాది కోసం మర్నాడు తవ్వబోయే గీత. ప్రసాద్ గారు తల పట్టుకున్నారు. "అమ్మా, పొద్దున అక్కడన్నారు, ఇప్పుడిక్కడంటున్నారు." నీడ సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అనూష బురుజు వంకా నీడ వంకా చూసి, "సార్, ఎలాగూ రేపు తవ్వాల్సిన చోటే కదా, ఇవాళే నా పద్ధతిలో గీకిద్దాం. బావి లేకపోతే మీకు అరపూట పని కలిసొచ్చినట్టే" అంది. ఆయన గడియారం చూసుకుని, సముద్రం చూసి, డ్రైవరుకి చెయ్యూపారు.

మొదటి పొర ఇసక. రెండోది ఉప్పెన తెచ్చిపోసిన నల్ల బురద. తరవాత పసుపుపచ్చ మట్టి, దాని నడుమ ముదురు రంగులో ఒక వంకర. అనూష చెయ్యి పైకి లేచింది. యంత్రం ఆగిపోయింది. తను గోతిలోకి దూకి తాపీతో గీకుతోంటే ఆ వంకర వంపు తిరిగింది, తిరుగుతూ తిరుగుతూ వచ్చి గుండ్రంగా కలుసుకుంది. చుట్టూ ఇటికల వరస. తట్టలాడవాళ్ళు పని మానేసి గట్టు మీద మూగారు. "బావేనమ్మో!" అని ఎవరో అరిచారు. ఖలీల్ నా భుజం పట్టుకుని గోతిలోకి చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఎండ తగ్గేలోపు ఒక పక్కగా ఇటికల కిందకి చూడగలిగారు. ఎర్రటి మట్టి వర అంచు, దాని మీద వరసగా వేలి నొక్కులు. అబ్బా కింద నుంచి చెప్పినవే. అనూష ఆ నొక్కుల్లో తన వేలు పెట్టి చూసి పైకి చూసింది. "టీచర్ గారూ, పని ఆపేశానండీ" అంది. ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. తల్లీ, నీ చెయ్యి చల్లగుండ అనుకున్నాను.

తరవాతి రోజుల్లో నన్ను ఇంట్లో ఉంచడం ఎవరి తరమూ కాలేదు. చేత్తోనే జాగ్రత్తగా పూడిక తీశారు. వర మీద వర. అడుగు నుంచి విరిగిన కుండల పెంకులొచ్చాయి. అవి చూసి అనూష చెప్పింది, కోటకన్నా ఈ బావే ఎంతో ముందుదని. ఉప్పునేలలో తీపినీళ్ళున్నాయని ఎవరో ఇక్కడ ఆగారు. ఓడల వాళ్ళో, ఉప్పు పండించే వాళ్ళో. వాళ్ళ తరవాత కోట కట్టినవాళ్ళు కూడా ఈ నీళ్ళ కోసమే వచ్చి ఉంటారు. మేము కోట పక్కన కాపురముంటున్నామని అనుకునేవాళ్ళం. కోటే మా బావి పక్కకి వచ్చిందట! అది వింటే మా దాదీమా ఎంత మిడిసిపడేదో. సుబ్బమ్మ గారికి ఆవిడ తీర్పులిచ్చినట్టే, ఎన్నెన్ని తరాల క్రితమో ఎవరో ఒక ఆవిడ ఇదే గట్టు మీద నిలబడి ఎవరికో తీర్పిచ్చే ఉంటుంది. నాకు ఆ ఊహే పండగలా అనిపించింది. ఒక ఇంటి జ్ఞాపకం అనుకుని ఇంతకాలం దాచుకున్నది ఒక ఊరి పుట్టుక అయి కూర్చుంది.

అడుగున నీళ్ళూరాయి. ఖలీల్ చెంబుతో అందుకుని ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. "తియ్యగా ఉన్నాయక్కా" అన్నాడు. చెంబు లాక్కుని నేనూ చూశాను. ఉప్పు కషాయం. సముద్రం ఇంత దగ్గరకొచ్చాక ఇంకెలా ఉంటాయి? "అబద్ధాలకోరు" అని వాడి నెత్తి మీద మొట్టాను. ఇద్దరం నవ్వాం, కళ్ళు తుడుచుకున్నాం. గోడ లేచి సముద్రం ఆగితే, పై నుంచి వాన నీళ్ళు దిగీ దిగీ ఎన్నేళ్ళకో మళ్ళీ తీపెక్కొచ్చు అంది అనూష. ఎక్కొచ్చు, ఎక్కకపోవచ్చు. అప్పట్లో నీళ్ళు తియ్యన, బావి ఎవరు తవ్వారో తెలీదు. ఇప్పుడు ఎవరు తవ్వారో కాస్త తెలిసింది, నీళ్ళు ఉప్పన. రెండూ ఒకే కాలంలో దక్కించుకునే అదృష్టం మనిషికి లేదేమో. అయినా నేనేమీ దిగులుపడలేదు.

పై అధికారులు వచ్చి చూసి వెళ్ళారు. గోడని కాస్త సముద్రం వైపు వంచి, బావిని లోపలికి కలుపుకోవడానికి ఒప్పుకున్నారు. ఖర్చు పెరుగుతుందని ప్రసాద్ గారు గొణుక్కున్నారు గానీ, కొత్త గీత గీసే రోజు నాకు తనే ఫోను చేసి పిలిచారు. సున్నం పొడి బొచ్చె చేత్తో పట్టుకుని బావి పక్కన నిలబడి, "చుట్టూ ఎంత చోటు వదలమంటారండీ టీచర్ గారూ?" అని అడిగారు. కాగితాల మీద కొలతలున్నాయి, అయినా అడిగారు. నేను ఆలోచించలేదు. "నలుగురు ఆడవాళ్ళు బిందెలు దించుకుని తీరిగ్గా మాట్లాడుకునేంత" అన్నాను. ఆయన నవ్వుతారనుకున్నాను. తట్టలాడవాళ్ళ వైపు తిరిగి, "ఇలా రండమ్మా, ముగ్గురు రండి" అని పిలిచారు. వాళ్ళు తట్టలతోనే వచ్చి బావి చుట్టూ నిలబడ్డారు. నాలుగో చోటు ఖాళీగా ఉంది. నా వంక చూశారు. వెళ్ళి నిలబడ్డాను. ఆయన వంగి మా కాళ్ళ వెనకగా తెల్లటి సున్నం గీత పోసుకుంటూ చుట్టూ తిరిగారు. "కదలకండమ్మా, గీత చెదురుతుంది" అన్నారు. మేము నలుగురం కదల్లేదు, మాట్లాడుకోవడం మాత్రం మొదలుపెట్టాం.